తేలినీలాపురంలో ముప్పై పక్షులు

జనవరి నెల, తెల్లవారుజాము. పలాస స్టేషన్‌లో విశాఖ వైపు వెళ్ళే ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నారు మీరు. పట్టాల మీద మంచు పల్చగా పరుచుకుంది. కాశీబుగ్గ నుంచి గాలి తిరిగినప్పుడల్లా జీడి ఫ్యాక్టరీల వాసన ఘాటుగా వచ్చి పోతోంది. క్యారేజీలు పట్టుకున్న ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా పనికి పోతున్నారు. మీ భుజాన ఉన్న సంచీలో ఒక పుస్తకం ఉంది. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందట, ఇరాన్ ఈశాన్య భాగాన నిషాపూర్ అనే ఊళ్ళో, మందులు అమ్ముకు బతికే ఒక మనిషి రాసిన కావ్యం అది. ఆయన పేరు ఫరీదుద్దీన్ అత్తార్. కావ్యం పేరు 'మంతిఖ్ అల్ తైర్'. పక్షులన్నీ కూడి మాట్లాడుకున్న కథ.

రైలు కదిలింది. కుడిపక్క తూర్పు కనుమలు నల్లగా లేస్తున్నాయి. ఎడమపక్క కొబ్బరి తోటల వెనక సముద్రం ఉందని తెలుస్తుంది గాని కంటికి ఆనదు. పూండి దాటింది. నౌపడ జంక్షన్‌లో దిగారు. ఇక్కడ చీలిన లైను పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోతుంది. మీరు ఆటో ఎక్కి ఇంకో దారి పట్టారు. రోడ్డు వార ఉప్పు మడులు, వాటిని ఆనుకుని చిత్తడి నేలలు, జమ్ము, రెల్లు. నీళ్ళ మీద ఆకాశం ఇంకా బూడిద రంగులోనే ఉంది.

తేలినీలాపురం కనబడకముందే వినబడుతుంది. ముందు వాన చప్పుడేమో అనుకుంటారు. దగ్గరికి వెళ్ళాక తెలుస్తుంది, అది గూళ్ళలోని పిల్లల అరుపు. చింతచెట్ల కొమ్మల నిండా గూళ్ళు. ఆకుల మీద రెట్ట తెల్లగా సున్నం కొట్టినట్టు పేరుకుంది. సంచి లాంటి గొంతులున్న పెలికాన్లు ఒక చెట్టు నిండా, పొడుగు ముక్కుల పెయింటెడ్ స్టార్కులు ఇంకో చెట్టు నిండా. పెద్ద పక్షులు అరవడం తక్కువ. స్టార్కులు ముక్కులు టకటకా కొట్టుకుని పలకరించుకుంటాయి. గోలంతా ఆకలేసిన పిల్లలదే. ఒక తల్లి పెలికాన్ నోరు తెరిచింది. పిల్ల తలా మెడా ఆ సంచిలోకి దూర్చేసి చేపల్ని వెతుక్కుంటోంది.

వాకిలి ఊడుస్తున్న ఒక పెద్దావిడ చీపురు ఆపి మిమ్మల్ని చూసింది.

"ఏ ఊరు బావూ మీది?"

"పలాస అమ్మా. పక్షుల్ని చూద్దామని."

"సూడండి, సూడండి. మా ఆడపిల్లలే ఇవి. పురిటికొచ్చినట్టు వస్తాయి, పిల్లల్ని పెంచుకుని ఎల్లిపోతాయి. ఇవి రాని ఏడు ఊరికి మంచిది కాదు."

సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెబుతుంది. ఎంత దూరం నుంచి వచ్చినా, ఈ చెట్లనే వెతుక్కుంటూ రావడం మాత్రం కళ్ళ ముందున్న నిజం. వీటిని లాక్కొచ్చేది ఏది? ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకం తెరవండి.

ఇప్పుడు మీరు 12వ శతాబ్దపు నిషాపూర్‌లో ఉన్నారు. అత్తార్ అంగడి. గోడ పొడుగునా సీసాలు, ఎండిన వేర్లు, మూటలు కట్టిన గింజలు. నాడి చూపించుకునేవాళ్ళు, మందు కట్టించుకునేవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. మనుషుల జబ్బుల్ని రోజంతా వినే ఆ చెవులు పక్షుల మాటల్ని కూడా వింటున్నాయి.

లోకంలోని పక్షులన్నీ ఒకచోట చేరాయి. మాకు రాజు లేడు, వెతుక్కోవాలి అనుకున్నాయి. తల మీద కుచ్చు ఉన్న హుద్‌హుద్ ముందుకొచ్చింది. సులేమాన్ రాజుకు షేబా రాణి కబురు మోసిన పిట్ట అది. మన పొలం గట్ల మీద ముక్కుతో నేల తవ్వుకుంటూ తిరిగే పిట్టా అదే. "మనకు రాజున్నాడు. పేరు సీముర్గ్. కాఫ్ కొండకు అవతల ఉంటాడు. మనకు చాలా దగ్గర, మనమే ఆయనకు చాలా దూరం" అన్న అర్థం వచ్చేలా చెప్పింది. పక్షులన్నీ రెక్కలు దులిపాయి. తీరా బయల్దేరాల్సిన వేళకు ఒక్కొక్కటే సాకు వెతుక్కుంది.

కోయిల లాంటి బుల్‌బుల్‌కు గులాబీ చాలు. చిలకకు చావు లేని నీళ్ళు కావాలి. నెమలి తాను పోగొట్టుకున్న స్వర్గాన్నే తలచుకుంటోంది. బాతుకు నీళ్ళు వదిలి రావడం ఇష్టం లేదు. డేగకు రాజుగారి ముంజేయి మీద కూర్చోవడమే గొప్ప. గుడ్లగూబ పాడుబడిన కొంపల్లో నిధి వెతుకుతోంది. ఒక్కో సాకు వెనకా ఒక ప్రేమ ఉంది, గమనించండి. ప్రేమ లేని పక్షి ఒక్కటీ లేదు ఆ గుంపులో. అందుకే అత్తార్ వాటిని ప్రేమించమని బోధించడు. మీ ప్రేమ ఎక్కడ ఆగిపోయిందో చూసుకోండి అంటాడు. పారశీక కవిత్వంలో ఆధ్యాత్మికత మొదలయ్యేది ఈ మాట దగ్గరే. గులాబీ మీది ఇష్టం పాపం కాదు, అక్కడ ఆగిపోవడమే చిక్కు.

పుస్తకం మూసి, ఆ చింతచెట్టునే ఇంకాసేపు చూడండి. అత్తార్ కంటే నూటయాభై ఏళ్ళు ముందే ఒక వైద్యుడు ఇలాంటి దృశ్యానికి తత్వం రాసి పెట్టాడు. ఆయన ఇబ్న్ సీనా. 980లో బుఖారా దగ్గర పుట్టి 1037లో హమదాన్‌లో కన్నుమూసిన మహా పండితుడు. ప్రేమ మీద ఆయన అరబ్బీలో రాసిన చిన్న గ్రంథంలో వాదం ఇది: ఉన్న ప్రతి దానిలోనూ ప్రేమ ఉంది. తన లోటును పూరించుకోవాలని, తనకంటే మేలైన దాన్ని చేరాలని ప్రతి పదార్థంలో ఉన్న తపనే ప్రేమ. ప్రాణం లేని వస్తువు కూడా తన రూపాన్ని వదలకుండా పట్టుకుని ఉండేది ఆ తపన వల్లే. మొక్కలో అది తిండిగా, ఎదుగుదలగా, విత్తనంగా పనిచేస్తుంది. జంతువులో ఇంద్రియాల్ని కదిలిస్తుంది. మనిషిలో పరిశుద్ధమైన మేలు వైపు, భగవంతుడి వైపు తిరుగుతుంది.

అదంతా ఇప్పుడు మీ ముందే ఉంది. రోడ్డవతల మడిలో నీరు ఇంకి ఉప్పు తన రూపం తాను కట్టుకుంటోంది. చింతచెట్టు వేరు తడిని వెతుక్కుంటూ దిగుతోంది. పిల్ల మెడ తల్లి గొంతులోకి దూరింది. వీటన్నిటినీ కలిపి చూస్తూ మీ లోపల ఏదో కదిలింది. ఇబ్న్ సీనా లెక్కలో ఈ నాలుగూ ఒకే శక్తి. ఉప్పుకు తెలియదు, చెట్టుకు తెలియదు, పక్షికి సగం తెలుసు. తెలిసి వెళ్ళగలిగినవాడు మనిషి ఒక్కడే. తెలిసీ కదలకుండా ఉండగలిగినవాడూ అతడే.

ఊరి చివర చెరువు దగ్గరికి నడవండి. ఒక స్టార్కు నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడింది. గాలి లేదు. దాని గులాబీ రెక్క ఈకలు నీళ్ళలో మళ్ళీ కనిపిస్తున్నాయి. ప్రేమ మీద ఫారసీలో వచ్చిన తొలి స్వతంత్ర గ్రంథంగా చెప్పుకునే 'సవానిహ్'లో అహ్మద్ గజాలీ ఎత్తుకున్న సంగతి ఈ అద్దమే. ఆయన 1126లో చనిపోయాడు. ప్రసిద్ధ ధర్మవేత్త అబూ హామిద్ గజాలీకి తమ్ముడు. అందానికి తన్ను తాను చూసుకోవడం కుదరదని, ప్రేమించే కన్ను దానికి అద్దం పడుతుందని ఆయన రాశాడు. అంటే ప్రేమికుడు భిక్షగాడు మాత్రమే కాదు, ప్రియతముడికి అతని అవసరం ఉంది. భక్తుడు లేనిదే భగవంతుడికి వెలితి అని మన కీర్తనకారులు పాడుకున్న చనువు ఇలాంటిదే. అయితే గజాలీ అక్కడితో ఆగడు. చివరికి ప్రేమికుడు, ప్రియతముడు అన్న రెండు పేర్లూ పోయి ప్రేమ ఒక్కటే మిగలాలంటాడు.

ఈ మాటలు చదువుకునే గదుల్లోనే ఉండిపోలేదు. గజాలీ శిష్యుడు, హమదాన్‌కు చెందిన ఐనుల్ ఖుజాత్ ఇవే భావాలు మరింత తెగించి రాశాడు. 1131లో, ముప్పై మూడేళ్ళ వయసులో అతనికి మరణశిక్ష పడింది. అంతకు రెండు శతాబ్దాల ముందు, 922లో, బాగ్దాదులో హల్లాజ్‌ను చంపారు. పారశీక కవులు మంటలో దూకే దీపపు పురుగు గురించి రాసినప్పుడల్లా వాళ్ళ వెనక ఈ నిజమైన చావులు నిలబడి ఉన్నాయి.

మళ్ళీ అత్తార్ దగ్గరికి రండి. సాకులు అయిపోయాయి. పక్షులు బయల్దేరాయి. దారిలో ఏడు లోయలు: అన్వేషణ, ప్రేమ, ఎరుక, విడుపు, ఏకత్వం, దిగ్భ్రమ, చివరిది పేదరికం, లయం. ప్రేమ రెండో లోయే కావడం చూడండి. మనం కథల్లో చివర పెట్టుకునే దాన్ని అత్తార్ దాదాపు మొదట్లోనే పెట్టాడు. వెతకాలన్న పట్టుదల పుట్టిన వెంటనే ప్రేమ అంటుకోవాలి, లేకపోతే మిగతా ఐదు లోయలు దాటే ఓపిక ఎవరికీ ఉండదు. ఎరుక దాని తర్వాతే వస్తుంది. తెలుసుకున్నాక ప్రేమించడం కాదు, ప్రేమించినవాడికే తెలుస్తుంది.

ఆ దారిలో కొన్ని పక్షులు ఎండకు మాడాయి. కొన్ని సముద్రంలో పడ్డాయి. కొన్ని దప్పికతో రాలిపోయాయి. కొన్ని వింతలు చూస్తూ అక్కడే ఉండిపోయాయి. మీ పక్కన ఉన్న చెట్లకూ ఇలాంటి ఏడు ఒకటి వచ్చింది. 2021 చివర, 2022 తొలి రోజుల్లో పరాన్నజీవి పురుగు సోకి ఇక్కడ నూటికి పైగా పెలికాన్లు చచ్చిపోయాయి. ఏడు తిరిగేసరికి మిగిలినవి మళ్ళీ గూళ్ళు కట్టుకున్నాయి. అత్తార్ రాసిన ప్రయాణంలో నష్టం అలంకారం కాదని ఇక్కడి చెట్ల కింద నిలబడితే అర్థమవుతుంది.

ఎండ ఎక్కింది. నౌపడ నుంచి మళ్ళీ రైలు పట్టుకుని ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం ఊళ్ళోకి వెళ్ళండి. నాగావళి ఒడ్డున కాసేపు నిలబడి మూడు వందల డెబ్భై ఏళ్ళు వెనక్కి నడవండి.

1650ల తొలి ఏళ్ళు. ఊరి పేరు ఫారసీ కాగితాల మీద సికాకుల్. 16వ శతాబ్దం చివరి పాదం నుంచి ఇది గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉంది. ఏలుతున్నది అబ్దుల్లా కుతుబ్ షా. ఇక్కడి ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు సున్నం ఇంకా కొత్తగానే ఉంది. కచేరీలో మున్షీలు కలాలు చెక్కుకుంటున్నారు. జమాబందీ, దస్తావేజు, ఫర్మానా. టెక్కలి, పలాస ప్రాంతపు రైతుకు ఫారసీ అంటే పన్ను కాగితం. ఆ కాగితం చదవడం రాదు, దానికి భయపడటం మాత్రం వచ్చు. 1765లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్ళిందీ ఒక ఫారసీ ఫర్మానాతోనే. అధికారపు భాషగా ఫారసీ మన నేలకు చేసిన బరువు తక్కువేం కాదు. ఆ సంగతి దాచుకుని ప్రేమ కవిత్వం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

అయితే ఆ కచేరీకి దగ్గరలోనే ఇంకో ఫారసీ కలం కదులుతోంది. 'దబిస్తాన్ ఎ మజాహిబ్' అనే గ్రంథం రాసిన పండితుడు ఆ ఏళ్ళలో శ్రీకాకుళంలో ఉన్నాడు. మోబద్ అన్నది ఆయన కలంపేరు. ఆ గ్రంథం తన కాలపు మతాలన్నిటి పరిచయం. పార్సీలు, హిందువులు, యూదులు, క్రైస్తవులు, ముస్లింలు, తాత్వికులు, సూఫీలు, ఒక్కొక్కరి గురించి వాళ్ళ మనుషుల్నే అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకున్న పుస్తకం. ఎవరినీ తిట్టడానికి రాసింది కాదు. ఆయన్ను ఊహించుకోండి: ఉక్కపోత మధ్యాహ్నం, కిటికీ అవతల నాగావళి, ముందు కాగితాల దొంతర. ఆ దొంతరలో ఒక మనిషి కథ ఉంది. 1647లో హైదరాబాదులో ఆయన కలుసుకున్న మనిషి. పేరు సర్మద్.

సర్మద్ ఇరాన్ నుంచి వచ్చిన వర్తకుడు. పుట్టుకతో యూదుడు, తర్వాత ఇస్లాం తత్వం చదువుకున్నాడు. సింధులోని ఠట్టా రేవులో అభయ్‌చంద్ అనే హిందూ కుర్రవాణ్ణి చూశాడు. ఆ ప్రేమ అతని వ్యాపారాన్ని, ఆస్తిని, చివరికి ఒంటి మీది బట్టను కూడా తీసేసింది. దిగంబరుడై తిరిగాడు. ఇద్దరూ కలిసి దేశం చుట్టారు. సర్మద్ దగ్గర చదువుకున్న అభయ్‌చంద్ యూదుల తోరాలోని భాగాన్ని ఫారసీలోకి మార్చాడు. ఆ అనువాదం దబిస్తాన్‌లో చేరింది. ఒక యూదు వర్తకుడు, ఒక హిందూ కుర్రవాడు, వాళ్ళ మాటల్ని రాసుకున్న ఒక పండితుడు, ఆ పండితుడు కొంతకాలం బతికిన మన శ్రీకాకుళం. తర్వాత సర్మద్ ఢిల్లీ చేరి మొగలు యువరాజు దారా షికోకు ఆప్తుడయ్యాడు. 1661 ప్రాంతంలో ఔరంగజేబు ఏలుబడిలో అతని తల తీశారు. ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గర అతని సమాధి ఇప్పటికీ ఉంది.

ప్రేమ ఎంత దూరం లాక్కుపోగలదో చెప్పడానికి అత్తార్ తన కావ్యంలో అన్నిటికంటే పెద్ద కథ ఒకటి పెట్టాడు. షేక్ సనాన్ కథ. మక్కాలో యాభై ఏళ్ళు సాధన చేసిన గురువు. నాలుగు వందల మంది శిష్యులు. ఒక కల వచ్చి, తూర్పు రోము రాజ్యానికి బయల్దేరాడు. అక్కడ మేడ మీద ఒక క్రైస్తవ యువతిని చూశాడు. ఆమె అడిగిందల్లా చేశాడు. మద్యం తాగాడు, మతం విడిచాడు, ఆమె పందుల్ని కాశాడు. శిష్యులు తల దించుకుని వెనక్కి వచ్చేశారు. అప్పుడు ఒక శిష్యుడు వాళ్ళను నిలదీశాడు: గురువు పడిపోయినప్పుడు వదిలేసి వచ్చినవాళ్ళు శిష్యులెలా అవుతారు? అందరూ నలభై రోజులు ప్రార్థించారు. గురువుకు మనసు తిరిగింది. వెనకే ఆ యువతి కూడా ఆ దారి వెతుక్కుంటూ వచ్చి, అతని ఎదుట ప్రాణం విడిచింది.

ఈ కథ వింటూ ఉంటే మీకు మరో కథ గుర్తుకొచ్చే ఉంటుంది. శ్రీరంగంలో పూలమాలలు కట్టుకునే విప్రనారాయణుడు, అతణ్ణి లొంగదీస్తానని పంతం పట్టిన దేవదేవి, డబ్బు లేదని వీధిలోకి గెంటిన ఆమె తల్లి, బంగారు గిన్నె మోసుకొచ్చిన రంగనాథుడు. 1954 సినిమాగా అందరికీ తెలిసిన ఈ కథను తెలుగులో 'వైజయంతీ విలాసం' అనే కావ్యంగా రాసింది సారంగు తమ్మయ. ఆయన మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో గోల్కొండ కరణం. 1591లో హైదరాబాదును నిర్మించిన, స్వయంగా ప్రేమ కవిత్వం రాసిన సుల్తాను కాలం అది. ఆ తర్వాత 1635లో అదే ఆస్థానంలో ముల్లా వజ్హీ 'సబ్‌రస్' రాశాడు. అందం, హృదయం అనే పాత్రలతో నడిచే ఆ ప్రేమ కథకు మూలం నిషాపూర్‌కే చెందిన ఫత్తాహీ రచన. విప్రనారాయణుడి కథ తమిళ దేశపు ఆళ్వార్లది, సనాన్ కథ అత్తార్‌ది. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని నేను అనను. కాని గోల్కొండ వీధిలో ఒక కరణం, ఒక ముల్లా ఎదురుపడి ఈ కథలు చెప్పుకుని ఉంటే ఒకరికొకరు విడమరిచి చెప్పాల్సింది చాలా తక్కువ.

రెండు కథల్లోనూ కాలిపోయింది భక్తి కాదు, భక్తుణ్ణన్న గర్వం. పొద్దున మీరు చూసిన ఆడవాళ్ళ చేతుల్లోకి జీడిపిక్క అలా ఊరికే పప్పై రాదు. ఆవిరి పట్టాలి, పెంకు పగలాలి, ఆ పెంకులోని నూనె చర్మాన్ని కాల్చే రకం. ఆ తర్వాత లోపలి పొర కూడా వొలవాలి. షేక్ సనాన్ యాభై ఏళ్ళ సాధన పెంకులాంటిది. అది పప్పును కాపాడింది నిజమే, పప్పును బయటికి రానివ్వందీ అదే. ప్రేమ వచ్చి దాన్ని పగలగొట్టింది.

ఈ కవిత్వం మన భాషలోకి రావడానికి శ్రమపడ్డవాళ్ళ పేర్లు తలచుకోకుండా ఈ దారి దాటకూడదు. మీరు పొద్దున దిగిన రైలు మార్గంలోనే దక్షిణంగా పిఠాపురం ఉంది. అక్కడి ఆధ్యాత్మిక పీఠాధిపతి ఉమర్ అలీషా (1885–1945) అరబ్బీ, ఫారసీ, సంస్కృతాలు చదువుకుని ఖయ్యాం రుబాయీల్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. నెల్లూరు సీమ రైతు, 'కవికోకిల' దువ్వూరి రామిరెడ్డి (1895–1947) ఫారసీ నేర్చుకుని మరీ ఆ రుబాయీల్నే 'పానశాల'గా రాశాడు. 1952 నుంచి 1956 దాకా హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు ఫారసీ పండితుడు. ఆ దిగంబరుడు సర్మద్ రుబాయీల్ని తెలుగులోకి తెచ్చింది ఆయనే. ఒక పీఠాధిపతి, ఒక రైతు, ఒక ముఖ్యమంత్రి. వీళ్ళలో ఎవరికీ ఫారసీ తిండి పెట్టే భాష కాదు. ఇష్టం కొద్దీ మోసుకొచ్చారు.

సాయంత్రానికి పలాస చేరి, అక్కడి నుంచి ఉద్దానం మీదుగా అక్కుపల్లి తీరానికి రండి. దారి పొడుగునా కొబ్బరి, జీడి, పనస. కొన్ని తోటల్లో చెట్లు ఇంకా లేతవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, తరాలుగా పెంచుకున్న తోటల్ని కూల్చిపోయింది. వాటి జాగాలో నాటినవి ఇవి. ఇసుక మీద పడవలు వరసగా ఉన్నాయి. జాలర్లు వలలు బాగుచేసుకుంటున్నారు. పొద్దు వెనక కొండల్లోకి దిగుతోంది, ముందు సముద్రం నల్లబడుతోంది.

ఇలాంటిదే ఇంకో సముద్రాన్ని, పడమటి అరేబియా సముద్రాన్ని దాటి మన దక్కనుకు రావాల్సిన మహాకవి ఒకడు రాకుండా పోయాడు. షిరాజ్‌కు చెందిన హాఫిజ్. బహమనీ సుల్తాను రెండో మహమ్మద్ షా (1378–1397) దారిఖర్చులు పంపి పిలిపించాడు. హాఫిజ్ హొర్ముజ్ రేవు దాకా వచ్చి ఓడ ఎక్కాడు. గాలివాన లేచింది. ఓడ దిగిపోయి, తనకు బదులుగా ఒక గజల్ పంపించాడు. ఈ కథ చెప్పింది బీజాపూరులో కూర్చుని చరిత్ర రాసిన ఫిరిష్తా. కవి రాలేదు, కవిత్వం వచ్చింది. బెంగాలు సుల్తాను పిలిచినప్పుడూ అంతే. ఇటు దక్కనుకు, అటు బెంగాలుకు హాఫిజ్ మాట చేరింది. మధ్యలో ఉన్నది మన కళింగ తీరం.

ఒడ్డున ఒక నారాయణ పక్షి నిలబడి ఉంది. అత్తార్ కథలో అదీ ఒక సాకు చెప్పింది. సముద్రమంటే దానికి ప్రాణం. తాగితే ఎక్కడ తరిగిపోతుందోనని ఒక్క చుక్కైనా ముట్టకుండా ఒడ్డునే దప్పికతో కూర్చుంటుంది. దాన్ని వదిలి సీముర్గ్ కోసం రాలేనంది. హుద్‌హుద్ ఇచ్చిన జవాబు ఉద్దానం మనిషికి వెంటనే అర్థమవుతుంది. ఈ సముద్రాన్నా నమ్ముకున్నావు? ఒకసారి నెమ్మదిగా ఉంటుంది, ఒకసారి విరుచుకుపడుతుంది. నమ్ముకున్న ఓడల్ని ముంచుతుంది. అసలు దానికే శాంతి లేదు. అది కూడా తన ప్రియతముడి కోసమే అలా కొట్టుకుంటోంది. తానే దప్పికతో ఉన్నది నీ దప్పిక ఎలా తీరుస్తుంది?

నాకు తెలిసినంతలో ప్రేమను విశ్వశక్తిగా చెప్పిన చోట్లలో ఇంత సూటిగా చెప్పిన చోటు ఇంకోటి లేదు. మనం దేన్ని ఆశ్రయిస్తామో అది కూడా దేనికోసమో వెతుకుతూనే ఉంది. కాబట్టి దాన్ని పూజిస్తూ ఒడ్డున కూర్చోవద్దు, దానితో కలిసి నడువు. రూమీ చేసిందీ అదే. 1244లో కొన్యాలో షమ్స్ అనే సూఫీ ఎదురయ్యేదాకా ఆయన పేరున్న పండితుడు. షమ్స్ కనుమరుగయ్యాక ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. ఆ వెలితిలోంచి 'మస్నవీ' దాకా నడిచాడు. రెల్లుపొద నుంచి తెగిన వేణువు ఏడుపుతో ఆ మహాగ్రంథం మొదలవుతుంది. తెగిపోవడం వల్లే ఆ గడ్డి పాట అయింది.

ఇక అత్తార్ ముగింపు. వేలుగా బయల్దేరిన పక్షుల్లో చివరిదాకా చేరినవి ముప్పై. ఈకలు రాలి, ఒళ్ళు చిక్కి, గుమ్మం ముందు నిలబడ్డాయి. ద్వారపాలకుడు ముందు పొమ్మన్నాడు. కదలలేదు. తెర తీశాడు. లోపల ఉన్నది అద్దం లాంటి వెలుగు. అందులో సీముర్గ్‌ను చూడబోతే తామే కనిపించాయి. తమను చూసుకోబోతే సీముర్గ్ కనిపించాడు. ఫారసీలో 'సీ ముర్గ్' అంటే ముప్పై పక్షులు. కావ్యమంతా ఈ ఒక్క క్షణం కోసమే కట్టాడు అత్తార్.

దేవుడు నీలోనే ఉన్నాడు అన్న మాట మన దేశంలో కొత్తది కాదు. అత్తార్ కలిపింది రెండు విషయాలు. ఒకటి, ఆ మాట బయల్దేరకముందు చెబితే అబద్ధం, ఏడు లోయలు దాటాక చెబితేనే నిజం. ఇంటి దగ్గరే అద్దం చూసుకున్న పక్షికి అందులో పక్షే కనిపించేది. రెండోది ఇంకా ముఖ్యం. అద్దంలో ఒక్క పక్షి ముఖం కనిపించలేదు, ముప్పై కనిపించాయి. ఒంటరిగా చేరింది ఒక్కటీ లేదు. షేక్ సనాన్ కూడా తన తపస్సుతో తిరిగి రాలేదు. వదిలేసిన శిష్యులు వెనక్కి వచ్చి చేయి పట్టుకుంటేనే వచ్చాడు.

కాబట్టి పారశీక కవుల ప్రేమను మధుపాత్ర, గులాబీ, బుల్‌బుల్ అనే బొమ్మల దగ్గర ఆపేయకండి. అది మనసు కరిగించే తీపి కబురు కాదు. ఉన్నచోటు వదిలించే శక్తి, గర్వాన్ని పగలగొట్టే శక్తి, పక్కవాణ్ణి వదిలిపెట్టి ముందుకు పోనివ్వని శక్తి. బూర్గుల సర్మద్‌ను, దువ్వూరి 'పానశాల'ను ఈ కంటితో మరోసారి చదవండి. శ్రీకాకుళం బళ్ళలో చదువు చెప్పే అయ్యవార్లకు ఒక మనవి. సాటి మనుషుల మతాలను వాళ్ళ మాటల్లోనే వినాలని తలచిన ఒక పండితుడు మన ఊళ్ళో బతికాడని పిల్లలకు చెప్పండి. వచ్చే శీతాకాలం వాళ్ళను తేలినీలాపురం తీసుకెళ్ళి, ఆ చింతచెట్ల కింద ముప్పై పక్షుల కథ వినిపించండి.